ఎడమకు తిరిగిన స్టీరింగు

హోసూరులో ట్రాక్ మీద తోలడానికి కారు పెట్టుకున్నవాళ్లకు కృష్ణగిరి దాకా దారి ఒక్కటే. పీఠభూమి మీద నుంచి శూలగిరి మీదుగా దిగి కృష్ణగిరి చేరాకే అది చీలుతుంది. 48వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే వేలూరు దాటి, శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో, మునుపు మద్రాసు మోటార్ రేస్ ట్రాక్ అని పిలిచిన మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కు చేరతాం. అప్పటిదాకా వచ్చిన 44వ నంబరు రహదారి మీదే సాగి, సేలం నుంచి పడమటికి తిరిగితే కోయంబత్తూరు శివారు చెట్టిపాళయంలో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. మారుతి 800 ఇంజనుతో ఫార్ములా మారుతి అనే చిన్న రేసు కారుకు రూపమిచ్చిన కరివర్ధన్ పేరే దానికి పెట్టారు. అంతకు ముందు షోళవరంలో, యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద రేసులు జరిగేవి. షెడ్డులో సొంత చేతులతో కారును సిద్ధం చేసుకుని రేసుకు వెళ్లడం దక్షిణాదిలో పాత అలవాటు. ఆ అలవాటు ఇంకా బతికున్న ఊళ్లలో హోసూరు ఒకటి. 1980 నాటికే అశోక్ లేలాండ్, టీవీయస్ ఫ్యాక్టరీలు వచ్చిన ఊరు ఇది. ప్రతి వీధిలోనూ స్పానరు పట్టిన చెయ్యి ఒకటైనా ఉంటుంది.

ఈ కథలోని చిక్కుముడి 2005 తరం మారుతి స్విఫ్ట్ ఒకదానిది. సిప్కాట్ పారిశ్రామికవాడలో పనిచేసే మా వీధి కుర్రాడు ట్రాక్ మీద తోలడానికని దాన్ని సెకండ్ హ్యాండులో కొన్నాడు. అప్పటికే అది చేతులు మారిన బండి. కాగితాల సంచిలో పాత యజమానులు చేయించిన వీల్ అలైన్‌మెంట్ రిపోర్టులు కూడా వచ్చాయి. అన్నిటిలోనూ అంకెలు పచ్చరంగులోనే ఉన్నాయి. బండి మాత్రం నేరుగా పోతున్నప్పుడు స్టీరింగు ఎడమకు తిరిగి ఉంటుంది. కుర్రాడు తానూ ఒకసారి చేయించాడు. రిపోర్టు మళ్లీ పచ్చగానే వచ్చింది, స్టీరింగు మళ్లీ ఎడమకే నిలిచింది.

"అన్నా, మెషీను తప్పు చెప్తాదా?" అని అడిగినాడు.

మెషీను తప్పు చెప్పిందని నేను అనుకోలేదు. తనను అడిగినదానికే అది జవాబు చెప్పింది. అడగనిది ఏమిటో కనిపెట్టడమే మా ముందున్న పని.

ముందు చక్రాలను తిప్పే స్టీరింగు రాడ్లు సరిచేసి స్టీరింగును మధ్యకు తెచ్చేద్దామని సలహా ఇచ్చినవాళ్లున్నారు. ఆ పని చేస్తే చేతికి దొరికిన ఒకే ఒక ఆనవాలును మన చేత్తోనే చెరిపేసినట్టు అవుతుంది. అందుకని ముందు దాన్ని కొలిచాం. స్టీరింగు అంచు మీద, దాని వెనక డ్యాష్‌బోర్డు మీద రంగు టేపు ముక్కలు అంటించి, బండి నేరుగా పోతున్నప్పుడు రెండిటి మధ్య ఎడం ఎంతో చూశాం. సుమారు ఒకటిన్నర సెంటీమీటరు తేలింది. 37 సెంటీమీటర్ల వ్యాసమున్న స్టీరింగుకు అది దాదాపు 5 డిగ్రీలు. మామూలు కార్లలో స్టీరింగు పదిహేను పదహారు డిగ్రీలు తిరిగితే ముందు చక్రాలు ఒక డిగ్రీ తిరుగుతాయి. అంటే నేరుగా పోవడానికి ఈ బండి ముందు చక్రాలు డిగ్రీలో మూడో వంతు ఎడమకు చూడాల్సి వస్తోంది. వాటిని అలా చూడమంటున్నది ఎవరు?

అందరూ మొదట అనుమానించేది రోడ్డును. వాన నీళ్లు పోవడానికి రోడ్డును పక్కకు వాలుగా వేస్తారు. మనం ఎడమ పక్కన నడుస్తాం కాబట్టి ఆ వాలు బండిని ఎడమకు లాగుతుంది. అయితే ఎడమకు జారే బండిని నేరుగా ఉంచాలంటే స్టీరింగు కొంచెం కుడికి పట్టాలి. ఇక్కడ ఎడమకు పట్టాల్సి వస్తోంది. రోడ్డు వాలు చేసే పనికి ఇది సరిగ్గా వ్యతిరేకం. పైగా చదునైన ఖాళీ సిమెంటు నేల మీద కూడా స్టీరింగు అలాగే ఉంది. అనుమానితుల పట్టీ నుంచి రోడ్డును తీసేశాం.

తర్వాతి అనుమానం టైరు మీద. లోపలి పట్టీలు కాస్త పక్కకు జరిగి తయారైన టైరు, చూడటానికి ఎంత గుండ్రంగా ఉన్నా, ఒక పక్కకు దొర్లాలని చూస్తుంది. దీన్ని తేల్చడం సులువు. ముందు టైర్లు రెండిటినీ కుడిఎడమలు మార్చి బిగిస్తే, తప్పు టైరుదైతే లాగుడు కూడా పక్క మారాలి. మారలేదు. చక్రాలు ఊడదీసినప్పుడు మాత్రం ఇంకో సంగతి కళ్లబడింది. ముందు టైర్లు రెండూ బయటి భుజం దగ్గర అరిగి ఉన్నాయి, లోపలి సగం కొత్తదానిలా ఉంది. అది వేరే జబ్బు. దాని సంగతి తర్వాత చెబుతాను.

తర్వాతి ఆనవాలు కుర్రాడే చెప్పాడు. శూలగిరి దగ్గర దిగుడులో బ్రేకు వేస్తే స్టీరింగును ఇంకా ఎడమకు పట్టాల్సి వస్తుందట. బ్రేకు వదిలేస్తే ఆ తేడా కొంత తగ్గుతుందట. ముందు బ్రేకు ఒకటి పట్టేస్తోందేమోనని, బండి తోలి వచ్చిన వెంటనే రెండు చక్రాల దగ్గరా వేడి చూశాం. రెండూ ఒకేలా ఉన్నాయి. ఇక్కడ నా ఆలోచన దారి మారింది. వంగిన ఇనుము వంగినట్టే ఉంటుంది, పెడల్‌ను బట్టి తన కోణం మార్చుకోదు. పెడల్‌తో పాటు మారే తప్పు అయితే, ఎక్కడో ఏదో కదులుతోందన్నమాట.

చక్రం ఎటు చూస్తే బండి అటు పోతుందని అందరం అనుకుంటాం. 1920లలో మెత్తటి బెలూన్ టైర్లు వచ్చాక కార్ల ముందు చక్రాలు వేగంలో విపరీతంగా అదరసాగాయి. ఇంజనీర్లు ఎన్నో ఏళ్లు దాని కారణం కోసం వెతికారు. ఆ వెతుకులాటలోనే 1925లో జార్జ్ బ్రూలియే అనే ఫ్రెంచి ఇంజనీరు ఒక విషయం బయటపెట్టాడు. పక్కకు తోసే బలం పడితే టైరు తాను చూసే దిక్కుకూ పోయే దిక్కుకూ మధ్య చిన్న కోణం ఉంచుకునే దొర్లుతుంది. మా చిక్కుముడికి అందులో ఒక తాళంచెవి ఉంది. ముందు చక్రాలు రెండూ ఒకే ర్యాకుకు కట్టి ఉంటాయి. వాటి మధ్య టో, అంటే చక్రాలు లోపలికో బయటికో చూసే కోణం, ఎంత ఉన్నా, పక్క బలాలు సమానమయ్యే దాకా అవి తమంతట తామే సర్దుకుంటాయి. వెనక చక్రాలకు స్టీరింగు లేదు, సర్దుకునే వీలూ లేదు. అవి ఎటు చూస్తే బండి తోక అటు పోతుంది. ముందు చక్రాలు కూడా దానికి సమాంతరంగా తిరిగితేనే బండి నేరుగా నడుస్తుంది. స్టీరింగు ఎక్కడ నిలవాలో చివరికి తేల్చేది వెనక ఇరుసే.

వెనక చక్రాలు ఎడమకు చూస్తుంటే తోక ఎడమకు పోతుంది, మూతి కుడికి తిరుగుతుంది. దాన్ని ఆపడానికి ముందు చక్రాలను ఎడమకు తిప్పాలి. అప్పుడు నాలుగు చక్రాలూ ఎడమకు చూస్తూ, బండి ఒంటిని కొంచెం అడ్డంగా పెట్టుకుని నేరుగా పోతుంది. నేరుగా పోతున్నప్పుడు స్టీరింగు ఎడమకు ఉండటానికి ఇది చక్కగా సరిపోయే కారణం. నేల మీద నీళ్లు పోసి, టైర్లు తడిపి, పొడి సిమెంటు మీద బండిని మెల్లగా నేరుగా నడిపించి అచ్చులు చూశాం. వెనక టైర్ల అచ్చు ముందువాటికంటే ఎడమకు జరిగి పడింది. ఇప్పుడు ఎంతో తెలియాలి.

ఇంట్లో కొలవడమంటే చాలామంది నమ్మరు. దారం, స్టీలు స్కేలు, మేస్త్రీ సామాను ఉంటే చాలంటే అసలు నమ్మరు. నేను గట్టిగా నమ్ముతాను. లాగి కడితే నేరుగా నిలవడం తప్ప దారానికి వేరే గుణం లేదు, అందుకే అది అబద్ధం చెప్పదు. అయితే దానికి ముందు నేలను సిద్ధం చేయాలి. సన్నటి పారదర్శక గొట్టంలో నీళ్లు నింపి, మేస్త్రీలు లెవెల్ పట్టే పద్ధతిలోనే నాలుగు చక్రాలు ఆనే చోట్ల ఎత్తులు చూశాం. తగ్గిన చోట టైల్స్ ముక్కలు పేర్చాం. ముందు చక్రాల కింద ఒక్కోదానికి రెండేసి నున్నటి గ్రానైటు పలకలు, వాటి మధ్య గ్రీజు. కృష్ణగిరి జిల్లాలో గ్రానైటు ముక్కలకు కరువు లేదు. ఆ పలకలు లేకపోతే టైరు నేలను పట్టుకుని తన అసలు కోణానికి రాదు. టైర్లలో గాలి సమానంగా ఉండాలి. డ్రైవరు సీట్లో కుర్రాడి బరువుకు సరిపడా బియ్యం మూటలు పెట్టాం. ట్రాక్ మీద కారులో కూర్చునేది ఒక్కడే కదా, ఆ బరువుకు స్ప్రింగులు ఎంత అణుగుతాయో అంత అణిగాకే కొలత తీసుకోవాలి.

దారాలకు మూతి ముందు ఒకటి, తోక వెనక ఒకటి అల్యూమినియం చదరపు గొట్టాలు. రెండిటి మీదా సరిగ్గా ఒకే ఎడంతో గాట్లు కోయాలి. మొత్తం పనికి ప్రాణం ఇక్కడే ఉంది. గాట్ల ఎడం రెండు గొట్టాల మీదా ఒకటే అయితే వాటి మధ్య లాగిన రెండు నైలాన్ దారాలు సమాంతరంగా ఉండక తప్పదు. దారాలను చక్రం నడిమి ఎత్తుకు తెచ్చాక, గొట్టాలను అటూ ఇటూ జరుపుతూ కారును మధ్యకు తేవాలి. ముందు చక్రాల నడుముల నుంచి దారానికి దూరం కుడిఎడమల సమానం కావాలి. వెనక చక్రాల దగ్గరా అంతే. ముందుకూ వెనక్కూ మధ్య తేడా ఉంటుంది, ఎందుకంటే చాలా కార్లలో ట్రాక్ వెడల్పు, అంటే కుడిఎడమ చక్రాల మధ్య ఎడం, రెండు ఇరుసులకూ ఒకటే కాదు. దాన్ని చూసి కంగారు పడి ఒక పక్క సరిచేస్తే దారాల చట్రం మొత్తం వంకర పోతుంది. ఒక గొట్టాన్ని కదిపితే రెండో కొస కూడా మారుతుంది కాబట్టి నాలుగు దూరాలనూ మళ్లీ మళ్లీ చూసుకోవాలి. ఓపిక కావలసింది ఇక్కడే.

ఆ తర్వాత ఒక్కో రిమ్ముకు ముందంచు నుంచి దారానికి ఎంత, వెనకంచు నుంచి ఎంత అని కొలవాలి. ముందంచు దూరం ఎక్కువైతే చక్రం లోపలికి చూస్తున్నట్టు, తక్కువైతే బయటికి. రిమ్మే కాస్త వంకరగా ఉండొచ్చు. అందుకని చక్రం సగం చుట్టు తిరిగేలా బండిని నెట్టి మళ్లీ కొలిచి, రెండిటి సగటు తీసుకోవాలి. స్విఫ్ట్ 14 అంగుళాల రిమ్ము అంచు నుంచి అంచుకు సుమారు 380 మిల్లీమీటర్లు. దాని మీద ఒక మిల్లీమీటరు తేడా అంటే డిగ్రీలో సుమారు ఏడో వంతు. చిన్నదే అనిపిస్తుంది. కానీ ఆ కోణంలో దొర్లే టైరు ప్రతి కిలోమీటరుకు రెండున్నర మీటర్లకు పైగా పక్కకు రాసుకుంటుంది.

వెనక ఎడమ చక్రం ఒక మిల్లీమీటరు బయటికి చూస్తోంది. కుడిది మూడు మిల్లీమీటర్లు లోపలికి. రెండిటినీ కూడితే మొత్తం రెండు మిల్లీమీటర్లు లోపలికి. పాత రిపోర్టులన్నీ ఎందుకు పచ్చగా ఉన్నాయో ఇక్కడ తేలిపోయింది. వాటిలో ముందు చక్రాల అంకెలు విడివిడిగా ఉన్నాయి, వెనకవాటికి మొత్తం టో ఒక్కటే ఉంది. మొత్తంలో ఏ తప్పూ లేదు. పంపకంలోనే ఉంది తప్పు. రెండు చక్రాలూ సగటున రెండు మిల్లీమీటర్ల చొప్పున ఎడమకు చూస్తున్నాయి. 380 మీద రెండు అంటే 0.3 డిగ్రీలు. స్టీరింగు అంచు మీద టేపు ముక్కలు చెప్పిన అంకె కూడా అదే.

అంకెలు కలిశాయని పని ఆపలేదు. ఎడమకు చూడటానికి రెండు కారణాలు ఉండొచ్చు. ఇరుసు దూలమే వంగి ఉండాలి, లేదా నేరుగా ఉన్న దూలమే అడ్డంగా కూర్చుని ఉండాలి. ఈ కారులో వెనక రెండు చక్రాలనూ ఒకే దూలం మోస్తుంది. దాని ముందు కొసలు రెండూ రబ్బరు బుష్షుల ద్వారా బాడీకి బిగించి ఉంటాయి. దూలం మొత్తం తిరిగితే ఒక కొస ముందుకు, ఇంకో కొస వెనక్కు పోవాలి. గోడ నిలువు చూసే గుండును ముందు చక్రం నడుము నుంచి, వెనక చక్రం నడుము నుంచి నేలకు దించి, సుద్దతో గుర్తు పెట్టి, రెండు పక్కలా వీల్‌బేస్ కొలిచాం. ఎడమ పక్కది కుడిదానికంటే ఎనిమిది మిల్లీమీటర్ల దాకా ఎక్కువ. వెనక ట్రాక్ వెడల్పు మీద 0.3 డిగ్రీలకు రావలసింది కూడా అంతే. దూలం వంగలేదు. అడ్డంగా కూర్చుంది.

మరి బ్రేకు వేస్తే ఎందుకు పెరుగుతుంది? దానికి జవాబు, కొలతలు కుదరకపోవడంలో దొరికింది. ఒకసారి తీసిన అంకెలు బండిని కదిపి మళ్లీ తీస్తే రావడం లేదు. ఇలాంటప్పుడు ఎవరైనా దారాన్నే తప్పుపడతారు. కానీ ముందు చక్రాల అంకెలు ప్రతిసారీ అవే వస్తున్నాయి, వెనకవే మారుతున్నాయి. దారం తప్పైతే నాలుగూ మారాలి. హ్యాండ్ బ్రేకు ఒక పన్ను లాగి, బండిని ముందుకు నెట్టి ఆపి కొలిచాం. తర్వాత వెనక్కు నెట్టి ఆపి కొలిచాం. ముందుకు నెట్టినప్పుడు వెనక చక్రాలు ఎడమకు చూస్తున్నాయి. వెనక్కు నెట్టినప్పుడు దాదాపు నేరుగా ఉన్నాయి. రెండిట్లోనూ మొత్తం టో మాత్రం అదే రెండు మిల్లీమీటర్లు.

ఇక దాక్కోవడానికి తప్పుకు చోటు మిగల్లేదు. బండిని జాక్ స్టాండ్ల మీద నిలబెట్టి, కిందికి దూరి, ఎడమ బుష్షు పక్కన టార్చి వేసి, దూలాన్ని గడ్డపారతో మెల్లగా మీటి చూశాం. బయటి నుంచి బుష్షు నిండుగానే కనిపిస్తోంది. గడ్డపార ఆనించగానే రబ్బరు తన ఇనుప గొట్టం నుంచి విడిపోయి చీలిక తెరుచుకుంది. బండి ముందుకు పోయేటప్పుడు వెనక చక్రాల ఈడ్పు ఆ కొసను వెనక్కు లాగుతోంది. బ్రేకు వేస్తే ఆ ఈడ్పు పెరుగుతుంది, కొస ఇంకా వెనక్కు పోతుంది, తోక ఇంకా ఎడమకు తిరుగుతుంది. రివర్సులో రబ్బరు మూసుకుని దూలం తన చోటికి వస్తుంది. శూలగిరి దిగుడు, తడి అచ్చులు, పొడుగైన ఎడమ వీల్‌బేస్, పచ్చటి రిపోర్టులు అన్నీ ఆ చీలిక దగ్గర కలిశాయి. ఇన్నేళ్లూ ఈ బండిని చూసినవాళ్లంతా కొలవగలిగినవి కొలిచారు. కదిలేదాన్ని కదిపి చూడలేదు.

కుర్రాడు రెండు బుష్షులూ మార్పించాడు. ఒకటి చిరిగితే రెండో దాని వయసూ అంతే కదా. బిగించేటప్పుడు చక్రాల మీద బరువు పడి, దూలం తన మామూలు ఎత్తుకు వచ్చాకే బోల్టులు గట్టి చేయాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే కొత్త రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది, తొందరగా చిరుగుతుంది. ఆ తర్వాత ముందుకు నెట్టినా వెనక్కు నెట్టినా వెనక చక్రాల అంకెలు మారలేదు. రాడ్లు ముట్టుకోకుండానే స్టీరింగు మధ్యకు వచ్చింది.

మిగిలింది టైరు బయటి భుజం అరుగుదల. అది ట్రాక్ చేసిన పని. స్విఫ్ట్ ముందు పక్కన మెక్‌ఫర్సన్ స్ట్రట్‌లు ఉంటాయి. మూలమలుపులో బాడీ ఒరిగితే, ఆ అమరికలో బయటి చక్రం కూడా బాడీతో పాటే బయటికి ఒరుగుతుంది. రోడ్డు వాడకానికి కంపెనీ పెట్టిన కేంబర్, అంటే చక్రం నిలువు నుంచి ఒరిగే కోణం, సున్నాకు దగ్గరగా ఉంటుంది, అది ట్రాక్ మలుపుల్లో చాలదు. టైరు తన బయటి భుజం మీదే బరువంతా మోస్తుంది. టైరు పక్కన చిన్న త్రిభుజం గుర్తు ఉంటుంది. భుజం మీద సుద్ద గీసి మలుపులు తిప్పి చూస్తే సుద్ద ఆ త్రిభుజాన్ని దాటి చెరిగిపోయింది. కేంబర్ చాలడం లేదనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. రసమట్టం గానీ గుండు గానీ రిమ్ముకు పట్టి చూడొచ్చు. 380 మిల్లీమీటర్ల రిమ్ము మీద పై అంచు కింది అంచుకంటే 6.6 మిల్లీమీటర్లు లోపలికి ఉంటే ఒక డిగ్రీ నెగెటివ్ కేంబర్. స్ట్రట్‌ను నకిల్‌కు బిగించే రెండు బోల్టుల్లో పైదాని బదులు ఎక్సెంట్రిక్ బోల్టు వేసి, నెగెటివ్ కేంబర్ పెంచాం. కేంబర్ మార్చితే టో తప్పకుండా మారుతుంది. అందుకే కేంబర్ ముందు, టో చివర. ముందు టో సున్నాకు పెట్టాం. ట్రాక్ కార్లకు కొందరు చక్రానికి ఒక మిల్లీమీటరు దాకా బయటికి చూపిస్తారు. మలుపులోకి మూతి చురుగ్గా తిరుగుతుంది, కానీ ఇదే బండి హోసూరు నుంచి ట్రాక్ దాకా హైవే మీద కూడా పోవాలి. ఇంటి నుంచి తోలుకుంటూ వెళ్లే కారుకు సున్నాయే సరైనదని నా అభిప్రాయం.

అలైన్‌మెంట్ చేయించేటప్పుడు వెనక చక్రాల టో కుడిఎడమలకు విడివిడిగా రాసిమ్మని అడగండి. మెషీను దగ్గర ఆ అంకెలు ఉంటాయి, అడిగితే ఇస్తారు. రెండూ ఒకేలా లేకపోతే రాడ్లు తిప్పనివ్వకండి. ముందు బండి కింద బుష్షులు చూపించుకోండి, అవి బాగున్నాయని తేలాకే డబ్బు కట్టండి.